నాలుగు గోడల మధ్య వస్తువు జాడ: ఏ పద్ధతి ఎక్కడ నిలబడుతుంది?

2012లో అమెజాన్ 77.5 కోట్ల డాలర్లు పెట్టి కివా సిస్టమ్స్ అనే కంపెనీని కొన్నది. గోదాములో సరుకుల అర కిందికి దూరి, దాన్ని నెత్తిన పెట్టుకుని, ప్యాకింగ్ చేసే మనిషి దగ్గరికి మోసుకొచ్చే పొట్టి రోబోలను ఆ కంపెనీ తయారు చేసేది. వందల రోబోలు ఒకే నేల మీద గుద్దుకోకుండా తిరగాలంటే ప్రతిదానికీ తానెక్కడుందో తెలియాలి. అందుకోసం వాళ్లు ఎంచుకున్న పద్ధతి చూస్తే, ఇంతేనా అనిపిస్తుంది. నేల మీద గళ్లుగళ్లుగా అంటించిన బార్‌కోడ్ స్టిక్కర్లు, రోబో పొట్ట కింద నేలకేసి చూసే ఒక కెమెరా. స్టిక్కరు మీదికి రాగానే రోబో తన చోటు తెలుసుకుంటుంది, తర్వాతి స్టిక్కరు దాకా చక్రాలు ఎన్ని చుట్లు తిరిగాయన్న లెక్కతో నెట్టుకొస్తుంది.

ఇది చాతగాక చేసిన పని కాదు. ఆ నేల వాళ్లది, దాని మీద ఏం అంటించినా అడిగేవాళ్లు లేరు, రోబో నేలను వదిలి ఎగరదు. ఈ మూడూ తెలిశాక స్టిక్కరును మించినది ఎందుకు? గది లోపల వస్తువు జాడ పట్టే పద్ధతిని ఎంచుకునేటప్పుడు చాలామంది సెన్సర్ల కేటలాగుతో మొదలుపెడతారు. మొదలుపెట్టాల్సింది గదితో. ఏది అంటించవచ్చు, దేనికి తీగ లాగవచ్చు, మధ్యలో ఎవరు అడ్డొస్తారు, సమాధానం ఎవరికి కావాలి, ఎంత త్వరగా కావాలి అన్నవి ముందు తేలాలి. తర్వాత ఇంకో సంగతి ఉంది, దాన్ని మాత్రం దాదాపు అందరూ దాటేస్తారు. ఏ పద్ధతైనా ఎప్పుడో ఒకప్పుడు తప్పు చెబుతుంది, ఒక్కోదాని తప్పు ఒక్కో తీరుగా ఉంటుంది. డేటాషీట్‌లో తప్పు ఎంతో రాస్తారు గానీ, దాని తీరు ఏమిటో రాయరు. పద్ధతి పనికొస్తుందా లేదా అన్నది ఆ తీరు మీదే ఆధారపడి ఉంటుంది.

జీపీఎస్ ఎందుకు కాదు

జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతాయి. అంత దూరం నుంచి నేలకు చేరేసరికి ఆ సిగ్నల్, రిసీవర్‌లో సహజంగా ఉండే రొద కంటే కూడా బలహీనంగా ఉంటుంది. ముందే తెలిసిన కోడ్‌తో పోల్చి చూడటం వల్లే రిసీవర్ దాన్ని రొదలోంచి బయటికి లాగగలుగుతోంది. దాని మీద ఒక కాంక్రీటు శ్లాబు పడితే లాగడానికి ఇక ఏమీ మిగలదు.

కిటికీ పక్కన కొంచెం సిగ్నల్ దొరికే చోటు ఇంకా ప్రమాదం. అక్కడికి వచ్చేది ఎదురింటి గోడకు తగిలి తిరిగొచ్చిన తరంగం. తిరిగి రావడం వల్ల దాని ప్రయాణం పొడుగైంది, ఆ సంగతి రిసీవర్‌కు తెలియదు. అందుకే ఫోన్ మ్యాపులో నీలిరంగు చుక్క రోడ్డు దాటి అవతలి షాపులో నిలబడుతుంది. అసలు సిగ్నలే లేకపోతే ‘తెలియదు’ అని తెలుస్తుంది. ఇక్కడ మాత్రం తప్పుడు సమాధానం ధీమాగా వస్తుంది.

చక్రాల లెక్క: నెమ్మదిగా పెరిగే తప్పు

ఒక మామూలు గది అనుకుందాం. 5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తున సీలింగ్. అందులో రెండు చక్రాల చిన్న రోబో తిరగాలి. ఇంజనీరింగ్ కాలేజీల ఫైనలియర్ ప్రాజెక్టుల్లో ఏటా కనిపించే కథే ఇది.

అందరికీ మొదట తోచేది చక్రాలు ఎన్ని చుట్లు తిరిగాయో లెక్కపెట్టడం. ఖర్చు తక్కువ, సెకనుకు వందసార్లు సమాధానం వస్తుంది, చీకట్లోనూ పనిచేస్తుంది. దీనికి ఉన్న జబ్బు ఒకటే, తప్పు పేరుకుపోతుంది. 65 మిల్లీమీటర్ల వ్యాసం ఉండాల్సిన చక్రం 66 ఉందనుకోండి, 10 మీటర్లు నడిచేసరికి 15 సెంటీమీటర్ల తేడా వస్తుంది. దాన్ని సర్దుకోవచ్చు. కానీ ఎడమ చక్రం 65, కుడి చక్రం 65.3 ఉండి, రెంటి మధ్య దూరం 15 సెంటీమీటర్లయితే? నేరుగా వెళ్తున్నాననుకుంటూ రోబో 10 మీటర్లలో దాదాపు పదిహేడున్నర డిగ్రీలు పక్కకు తిరిగిపోతుంది, గీత నుంచి మీటరున్నర జరిగిపోతుంది. 0.3 మిల్లీమీటరు అంటే రబ్బరు టైరు కాస్త ఎక్కువ నొక్కుకున్నా వచ్చే తేడా. దూరంలో వచ్చే తప్పు అంత బాధించదు, దిశలో వచ్చే తప్పు కొంప ముంచుతుంది.

దీనికి మిషిగన్ యూనివర్సిటీలో యోహాన్ బోరెన్‌స్టైన్, లిచియాంగ్ ఫెంగ్ 1990ల మధ్యలో ఒక తేలికైన పరీక్ష కనిపెట్టారు. రోబోను 4 మీటర్ల చతురస్రం చుట్టూ ఒకసారి గడియారం తిరిగే వైపు, ఇంకోసారి ఎదురు వైపు తిప్పాలి. ఒక వైపే తిప్పితే రెండు తప్పులు ఒకదాన్నొకటి కప్పేసుకుని లెక్క బాగా వచ్చినట్టు కనిపించవచ్చు. రెండు వైపులా తిప్పితే చక్రాల సైజుల తేడా ఎంతో, వాటి మధ్య దూరాన్ని తప్పుగా కొలిచింది ఎంతో విడివిడిగా తేలుతుంది. ఖర్చు ఒక సుద్దముక్క. అయినా ఈ పరీక్ష చేసే ప్రాజెక్టులు తక్కువ.

చక్రాలు లేని వస్తువుకు యాక్సిలరోమీటర్ పెడదాం అంటారు. ఫోన్లో ఉంటుంది కదా, త్వరణాన్ని రెండుసార్లు కూడితే దూరం వస్తుంది కదా అని. కాగితం మీద వస్తుంది. నిజంలో ఆ సెన్సర్‌కు ఎప్పుడూ భూమ్యాకర్షణ తగులుతూనే ఉంటుంది, దాన్ని తీసెయ్యాలంటే సెన్సర్ ఎంత వంగి ఉందో కచ్చితంగా తెలియాలి. ఆ వంపు అంచనాలో ఒక్క డిగ్రీ తప్పు జరిగితే, కదలకుండా ఉన్న వస్తువు 10 సెకన్లలో 8.5 మీటర్లు ప్రయాణించినట్టు లెక్క తేలుతుంది. మన గది పొడవే 5 మీటర్లు. తప్పు సమయంతో పాటు కాదు, సమయం వర్గంతో పెరుగుతుంది. కాబట్టి చవక యాక్సిలరోమీటర్ ఒక్కదాన్నే నమ్ముకుని చోటు కనుక్కుందామనుకునే ప్రాజెక్టును మొదటి వారంలోనే ఆపేయడం మంచిది. తిరుగుడు కొలిచే గైరో మాత్రం పనికొస్తుంది, కొన్ని సెకన్ల పాటు దిశ నిలబెట్టడానికి దానికి సాటి లేదు.

సిగ్నల్ బలాన్ని బట్టి దూరం: ఊగే తప్పు

ఇక రెండో ఆకర్షణ. వైఫై రూటర్‌కు దగ్గరగా ఉంటే సిగ్నల్ ఎక్కువ, దూరమైతే తక్కువ. మూడు మూలల్లో ఈఎస్‌పీ32 అనే చవక వైఫై బోర్డులు మూడు పెట్టి, వాటికి అందే బలాన్ని దూరంగా మార్చి, మూడు వృత్తాలు గీస్తే అవి కలిసే చోట వస్తువు ఉంటుంది. ఇంతకంటే అందమైన ఆలోచన లేదు, ఇంతగా మోసం చేసేదీ లేదు.

ఖాళీ మైదానంలో దూరం రెట్టింపైతే సిగ్నల్ 6 డెసిబెళ్లు తగ్గుతుంది. గదిలో రూటర్‌కూ వస్తువుకూ మధ్య ఒక మనిషి వచ్చి నిలబడితే చాలు, ఆరేడు డెసిబెళ్లు ఇట్టే పోతాయి. మన ఒంట్లో ఎక్కువ భాగం నీరే, 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను నీరు బాగా పీల్చుకుంటుంది. అంటే ఒక మనిషి అడ్డొస్తే 2 మీటర్ల దూరం 4 మీటర్లుగా కనిపిస్తుంది. ఎవరూ లేకపోయినా గోడల నుంచి తిరిగొచ్చే తరంగాలు ఒకచోట కలిసి బలపడతాయి, జానెడు పక్కన ఒకదాన్నొకటి చంపుకుంటాయి. వృత్తాలు కలవవు. కలిసినట్టు కనిపించిన చోట వస్తువు ఉండదు.

2000లో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో పరమ్‌వీర్ బాల్, వెంకట్ పద్మనాభన్ ఈ చిక్కును ఇంకో వైపు నుంచి పట్టుకున్నారు. రాడార్ అని వాళ్లు పేరు పెట్టిన పద్ధతిలో దూరం లెక్కించడంతో పని లేదు. ముందుగా భవనంలో ఒక్కో చోట నిలబడి ఏ వైఫై కేంద్రం ఎంత బలంగా వస్తోందో రాసుకుంటారు. తర్వాత వస్తువు పంపే కొలతలు ఆ పట్టికలో ఏ చోటికి దగ్గరగా ఉన్నాయో చూస్తారు. గోడలు చేసే అల్లరంతా ఇక్కడ ఆ చోటికి వేలిముద్రలా ఉపయోగపడుతుంది. వాళ్లకు వచ్చిన కచ్చితత్వం మామూలుగా 2 నుంచి 3 మీటర్లు. ఆ తర్వాత ఈ దారిలో ఎంతో పని జరిగింది గానీ మౌలిక స్వభావం మారలేదు. ఇనుప బీరువా ఒక గోడ నుంచి ఇంకో గోడకు జరిపితే పాత పట్టిక పాడైపోతుంది.

హాస్పిటల్లో వీల్‌ఛైర్ మూడో అంతస్తులో ఉందా, నాలుగో అంతస్తులో ఉందా అన్నదే ప్రశ్న అయితే ఈ పద్ధతికి మించింది లేదు, రూటర్లు ఎలాగూ ఉన్నాయి కాబట్టి. 5 మీటర్ల గదిలో రోబోకు మాత్రం 3 మీటర్ల తప్పున్న సమాధానం అంటే ‘ఇదే గదిలో ఎక్కడో ఉంది’ అని చెప్పడమే. అది ముందే తెలుసు.

కాలాన్ని కొలవడం: ఒక పక్కకే లాగే తప్పు

బలం కంటే ప్రయాణ కాలం నమ్మకమైనది. మనిషి అడ్డొస్తే సిగ్నల్ బలం పడిపోతుంది, వేగం పడిపోదు. చిక్కల్లా రేడియో తరంగం ఒక నానోసెకనులో 30 సెంటీమీటర్లు పోతుంది. సెకనులో వంద కోట్లో వంతు పొరబాటుకు ఒక అడుగు మూల్యం.

దానికంటే పెద్ద చిక్కు ప్రతిధ్వనిది. 20 మెగాహెర్ట్జ్ వెడల్పున్న వైఫై సిగ్నల్ విడదీసి చూడగలిగే అతి చిన్న కాలం 50 నానోసెకన్లు, అంటే 15 మీటర్ల దూరం. మన గదిలో నేరుగా వచ్చిన తరంగమూ, నాలుగు గోడలకు తగిలి వచ్చినవీ అన్నీ ఆ 15 మీటర్లలో ఒకే ముద్దగా కలిసిపోతాయి. సిగ్నల్ వెడల్పు 500 మెగాహెర్ట్జ్ అయితే విడదీయగల దూరం 60 సెంటీమీటర్లకు దిగుతుంది. అప్పుడు నేరుగా వచ్చినదాన్ని, వెనక నుంచి వచ్చిన ప్రతిధ్వనులను వేరుచేసి మొదటిదాన్నే పట్టుకోవచ్చు. అల్ట్రా వైడ్‌బ్యాండ్ అంటే ఇదే. అమెరికా 2002లో 3.1 నుంచి 10.6 గిగాహెర్ట్జ్ దాకా దీనికి అనుమతిచ్చింది. 2019లో ఐఫోన్ 11లోకి, 2021లో ఎయిర్‌ట్యాగ్‌లోకి వచ్చాక జనానికి తెలిసింది. బోర్డులు కొని సొంతంగా అమర్చుకున్నా 10 సెంటీమీటర్ల లోపు కచ్చితత్వం సాధ్యమే.

ఇందులో ఒక ముచ్చట చెప్పుకోవాలి. రెండు బోర్డుల గడియారాలు ఒకటిగా నడవవు. అందుకని ఒకటి పలకరిస్తే రెండోది బదులిస్తుంది, మొత్తం కాలంలోంచి బదులివ్వడానికి పట్టిన సమయాన్ని తీసేసి సగం చేస్తారు. ఆ బదులుకు 300 మైక్రోసెకన్లు పట్టిందనుకుందాం. రెండు గడియారాల వేగంలో పది లక్షల్లో 20 వంతుల తేడా ఉంటే, అది చవక క్రిస్టళ్లలో మామూలే, ఫలితంలో 3 నానోసెకన్ల తప్పు వస్తుంది. అంటే 90 సెంటీమీటర్లు. డబ్బు పెట్టి మంచి రేడియో కొని, ఈ లెక్క చూసుకోక ‘ఇది పనిచేయదు’ అని పక్కన పడేసేవాళ్లున్నారు. మూడో పలకరింపు ఒకటి చేర్చి రెండు వైపుల నుంచీ కొలిస్తే ఆ తేడా దాదాపు పూర్తిగా రద్దవుతుంది.

రద్దు కానిది ఇంకొకటి ఉంది. నేరుగా వచ్చే దారి పూర్తిగా మూసుకుపోతే, ఉదాహరణకు ఇనుప బీరువా అడ్డొస్తే, రిసీవర్ ప్రతిధ్వనినే మొదటి తరంగం అనుకుంటుంది. అప్పుడు వచ్చే దూరం ఎప్పుడూ అసలు కంటే ఎక్కువే, ఎన్నడూ తక్కువ కాదు. సగటు తీస్తే సర్దుకుంటుందిలే అన్న ధీమా ఇక్కడ పనికిరాదు. వందసార్లు కొలిచి సగటు తీసినా తప్పు అదే పక్కన కూర్చుని ఉంటుంది. యాంకర్లు, అంటే గదిలో కదలకుండా ఉండే బోర్డులు అన్నిటినీ సీలింగుకు ఒకే ఎత్తున బిగించడం ఇంకో అలవాటైన పొరబాటు. నేల మీది రోబోకు ఫరవాలేదు. డ్రోన్‌కైతే ఎత్తు లెక్క ఊగిపోతుంది. ఒకటో రెండో యాంకర్లను మోకాలి ఎత్తున పెడితే చాలావరకు కుదురుతుంది.

అంత వేగమైన గడియారాలతో తలనొప్పి ఎందుకు అనుకుంటే, రేడియోను వదిలి శబ్దాన్ని పట్టుకోవచ్చు. శబ్దం మిల్లీసెకనుకు 34 సెంటీమీటర్లే పోతుంది, ఆర్డ్యునో లాంటి మామూలు చవక బోర్డు కూడా దాన్ని తాపీగా లెక్కపెడుతుంది. కేంబ్రిడ్జ్‌లో ఆండీ హాపర్ బృందం 1990ల చివర్లో బ్యాట్ అనే వ్యవస్థతో ఇదే చేసింది. మనుషులు తగిలించుకున్న చిన్న పరికరం మనకు వినిపించని కీచుశబ్దం చేస్తుంది, సీలింగులోని రిసీవర్లు వింటాయి. కచ్చితత్వం 3 సెంటీమీటర్ల దగ్గర. 2000లో ఎంఐటీలో హరి బాలకృష్ణన్ బృందం క్రికెట్ పేరుతో దీన్ని తిరగేసింది. గోడల మీది పరికరాలు రేడియో, శబ్దం ఒకేసారి పంపుతాయి, వస్తువు ఊరికే వింటుంది. మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లు లెక్కపెట్టి పిడుగు ఎంత దూరంలో పడిందో చెప్పే పెద్దవాళ్ల లెక్కే ఇది.

బ్యాట్‌కూ క్రికెట్‌కూ తేడా కొలతలో లేదు, జాడ ఎవరికి తెలుస్తుంది అన్నదానిలో ఉంది. మొదటిదాంట్లో ఎవరెక్కడున్నారో భవనానికి తెలుస్తుంది. రెండోదాంట్లో ఎవరి చోటు వాళ్లకే తెలుస్తుంది, చెప్పాలనుకుంటే చెబుతారు. రోబోకు ఈ పట్టింపు లేదు. హాస్పిటల్లో నర్సు మెడలో ట్యాగ్ వేసేముందు మాత్రం ఇది తేల్చుకోవాలి.

శబ్దంతో మన ఎండాకాలపు చిక్కు ఒకటుంది. 25 డిగ్రీల దగ్గర సెకనుకు 346 మీటర్లుండే శబ్దవేగం 40 డిగ్రీలకు 355 అవుతుంది. ఏసీ గదిలో సరిచూసుకున్న వ్యవస్థను మే నెలలో రేకుల షెడ్డులో పెడితే 4 మీటర్ల దూరానికి 10 సెంటీమీటర్ల తప్పు తప్పదు. ఒక థర్మామీటరు చిప్పు చేరిస్తే తీరిపోయే సమస్యే, గుర్తుండాలి అంతే.

పై నుంచి కెమెరా

మన 5×4 గదికి తిరిగొస్తే, ఈ వ్యాసం మొగ్గేది సీలింగుకు బిగించిన ఒక కెమెరా వైపు. రోబో నెత్తిన నలుపు తెలుపు గళ్ల ముద్ర ఒకటి అంటిస్తే, దాన్ని గుర్తుపట్టే ఏప్రిల్‌ట్యాగ్, అరూకో వంటి సాఫ్ట్‌వేర్లు ఉచితం. చోటుతో పాటు రోబో ఎటు తిరిగి ఉందో కూడా చెబుతాయి. చక్రాల లెక్కలో మొదట చెడేది దిశే కాబట్టి ఇది పెద్ద లాభం. రోబోకప్ చిన్న రోబోల ఫుట్‌బాల్ పోటీల్లో కూడా నెత్తిన రంగు చుక్కలు, పైన కెమెరాలు, ఇదే ఏర్పాటు. 5 మీటర్ల పొడవును 1920 పిక్సెళ్లలోకి తెస్తే ఒక్కో పిక్సెల్‌కు 2.6 మిల్లీమీటర్లు. ఇంత చవకలో ఇంత కచ్చితత్వం ఇంకెక్కడా దొరకదు.

కానీ ఆ 2.6 మిల్లీమీటర్లను చూసి మురిసిపోతే దెబ్బతింటారు. మూడు చోట్ల జారుతుంది. నేల మీద గీతలు పెట్టి కెమెరాను సరిచూస్తారు, ముద్ర మాత్రం రోబో నెత్తిన 15 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. కెమెరా కింద సరిగ్గా నడుమ ఉన్నప్పుడు తేడా లేదు. గోడ దగ్గరికి, రెండున్నర మీటర్ల పక్కకు వెళ్లేసరికి 13 సెంటీమీటర్ల తప్పు చూపిస్తుంది. రోబో బయటికి జరిగే కొద్దీ పెరుగుతుంది కాబట్టి మొదట లెన్సు మీద అనుమానం పడుతుంది. ఎత్తును లెక్కలో చేర్చితే మాయమవుతుంది.

రెండోది ఆలస్యం. మామూలు యూఎస్‌బీ కెమెరాలో బొమ్మ తీసి, పంపి, గుర్తుపట్టేసరికి సెకనులో పదో వంతు గడిచిపోవచ్చు. సెకనుకు అర మీటరు నడిచే రోబో ఆలోపు 5 సెంటీమీటర్లు ముందుకు పోయింది. కెమెరా చెప్పింది నిజమే, కాకపోతే అది గతం.

మూడోది వెలుతురు. మన కరెంటు 50 హెర్ట్జ్, ట్యూబులైట్లూ చవక ఎల్‌ఈడీలూ సెకనుకు 100 సార్లు మినుకుతాయి. షట్టర్ సమయాన్ని ఆటోలో వదిలేస్తే ఒక్కో ఫ్రేము ఒక్కో వెలుగులో వస్తుంది, లేదా చారలు పడతాయి. దాన్ని సెకనులో వందో వంతుకు కట్టేస్తే మినుకు పోతుంది, పైగా అర మీటరు వేగానికి చెదిరే బొమ్మ 5 మిల్లీమీటర్లకు మించదు.

ఈ మూడూ సర్దుకున్నాక కెమెరాకు మిగిలే తప్పు ఒకే తీరుది. కనిపించినప్పుడు కచ్చితంగా చెబుతుంది, కనిపించనప్పుడు అసలు చెప్పదు. రోబో బల్ల కిందికి దూరిందంటే సమాధానం ఆగిపోతుంది. ఊగడం లేదు, ఒక పక్కకు లాగడం లేదు, ఊరికే మౌనం. ఇంజనీరుకు ఇంతకంటే నిజాయితీ గల తప్పు దొరకదు. ఎందుకంటే ఆ మౌనాన్ని చక్రాల లెక్కతో నింపవచ్చు. చక్రాల లెక్క కొద్దిసేపు మంచిది, తర్వాత పాడవుతుంది. కెమెరా అప్పుడప్పుడు మాయమవుతుంది గానీ కనిపించినప్పుడు అబద్ధమాడదు. కివా స్టిక్కర్లదీ ఇదే జోడి.

ఈ జోడిని కలిపే గణితం 1960లో రుడాల్ఫ్ కాల్మన్ రాసింది, అపోలో నౌకల్లో కూడా వాడారు. కాల్మన్ ఫిల్టర్ అనగానే అన్ని జబ్బులకూ ఒకే మాత్ర అన్నట్టు వేసేస్తుంటారు. అది ముఖ్యంగా నమ్మేది, తప్పులు రెండు పక్కలా సమానంగా పడతాయని. ఇనుప బీరువా వెనక నుంచి వచ్చే అల్ట్రా వైడ్‌బ్యాండ్ కొలత ఆ నమ్మకాన్ని వమ్ము చేస్తుంది. అంచనాకు మరీ దూరంగా ఉన్న కొలతను కలపకుండా గుమ్మంలోనే ఆపేసే జాగ్రత్త లేకపోతే, ఫిల్టర్ ఆ తప్పును నునుపు చేసి నిజంలా చూపిస్తుంది.

ఇక ఖరీదైన దారులు. వైకాన్, ఆప్టిట్రాక్ వంటి మోషన్ క్యాప్చర్ వ్యవస్థలు గది చుట్టూ ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలు పెట్టి మెరిసే చిన్న గోళీలను మిల్లీమీటరు లోపు కచ్చితత్వంతో పట్టుకుంటాయి. డ్రోన్ పరిశోధనలో ఇతర పద్ధతులను కొలిచే తులామానంగా వీటినే వాడతారు. 2016లో హెచ్‌టీసీ వైవ్‌తో వచ్చిన లైట్‌హౌస్ దీనికి చవక తమ్ముడు. గోడ మీది పెట్టె సెకనుకు 60 చుట్లు తిరిగే లేజర్ గీతను గదంతా ఊడుస్తుంది, వస్తువు మీది సెన్సర్ ఆ గీత ఎప్పుడు తగిలిందో చూసుకుని కోణం లెక్కిస్తుంది. ఒక మైక్రోసెకను తేడా 3 మీటర్ల దూరంలో మిల్లీమీటరు. చిన్న డ్రోన్లకు చక్కగా సరిపోతుంది. గదిలో నిలువుటద్దం ఉంటే దాని మీద గుడ్డ కప్పాలి.

గది గది కానప్పుడు

మూసిన చోటు అంటే గుండె కూడా కావచ్చు. గుండె లయ సరిచేసేటప్పుడు లోపలికి పంపిన సన్నటి గొట్టం కొస ఎక్కడుందో తెలియాలి. కాంతి పోదు, శబ్దంతో చిక్కులు, అదేపనిగా ఎక్స్‌రే తీయలేరు. అక్కడ అయస్కాంత క్షేత్రం రాజు, కాంతి గాజును దాటినట్టు అది ఒంటిని దాటిపోతుంది. కార్టో అనే వ్యవస్థ పనిచేసేది ఇలాగే. కానీ ఆ క్షేత్రం దూరం ఘనంతో తగ్గిపోతుంది, రెండింతల దూరానికి ఎనిమిదో వంతే మిగులుతుంది. మోటార్లు, ఇనుము దగ్గరుంటే వంకరవుతుంది. రోగి మంచానికి సరిపోయింది కదా అని రోబో గదికి తెస్తే నడవదు.

ఇంకో కొసన గుంటూరు చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజీలున్నాయి. వేల టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. ఎవరి లాట్ ఏ ఛాంబర్లో, ఏ అంతస్తులో ఉందన్నది కచ్చితంగా తెలియాలి. ఇక్కడ జాడ పట్టే యంత్రం అనవసరం. హమాలీ మోసుకెళ్లి దించితే తప్ప టిక్కీ కదలదు. కదలని వస్తువును సెకనుకు పదిసార్లు కొలవడం దండగ, కదిలిన క్షణాన్ని పట్టుకుంటే చాలు. ఛాంబర్ గుమ్మంలో ట్యాగును రేడియోతో చదివే ఒక ఆర్‌ఎఫ్‌ఐడీ రీడర్, లాట్‌కు ఒక ట్యాగ్, లేదా పుస్తకంలో సరిగ్గా రాసే ఒక గుమాస్తా. గుమాస్తాను తీసిపారేయనక్కర్లేదు. చెమ్మ, ఇనుప చట్రాలు ఉన్న చోట ఆర్‌ఎఫ్‌ఐడీ కూడా కొన్ని ట్యాగులను చూడకుండా వదిలేస్తుంది, ఆ వదిలేసినవి ఏవో అది చెప్పదు.

సొరంగాలు, గనుల లెక్క వేరు. 2006 జనవరి 2న అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో సాగో బొగ్గు గని పేలుడులో 12 మంది చనిపోయాక, భూగర్భ గనుల్లో కార్మికుల జాడ ఎలక్ట్రానిక్‌గా తెలిసే ఏర్పాటు ఉండాలని అదే ఏడాది అక్కడ చట్టం చేశారు. మన దగ్గర 2025 ఫిబ్రవరి 22న శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం పైకప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకున్నప్పుడు, బురద కింద ఎవరెక్కడున్నారో వెతకడానికి నేల లోపలికి చూసే రాడార్‌నూ, వాసన పట్టే కుక్కలనూ దించాల్సి వచ్చింది. ఇలాంటి చోట 10 సెంటీమీటర్ల కచ్చితత్వంతో పనిలేదు, మనిషి చివరిసారి ఏ 50 మీటర్ల ముక్కలో ఉన్నాడో తెలిసినా వెతుకులాట తీరు మారుతుంది. అసలు షరతు ఇంకోటి. ఆ సమాచారం సొరంగం బయట భద్రంగా ఉండాలి, లోపల కరెంటు పోయినా, కేబుల్ తెగినా. లోపలి కంప్యూటర్లో రాసుకునే అతి కచ్చితమైన వ్యవస్థ కంటే, ప్రతి దశలోనూ బయటికి పేరు చేరవేసే మొరటు రీడర్ల వరస మేలు.

టేపు పట్టుకోవడం

ఏది ఎంచుకున్నా కొనకముందు చేయదగిన పరీక్షలు రెండు. వస్తువును ఒకచోట కదలకుండా పెట్టి గంటసేపు కొలతలు రాయాలి. ఆ కొలతల గుంపు ఎంత వెడల్పుగా పరుచుకుందో చూస్తే ఊగే తప్పు తెలుస్తుంది, గుంపు నెమ్మదిగా ఒక వైపు నడుస్తోందంటే పేరుకునే తప్పు, గుంపు మొత్తం అసలు చోటికి పక్కన కూర్చుందంటే లాగే తప్పు. తర్వాత గదిలో మనుషులు తిరుగుతుండగా, బీరువా తలుపు తీసి ఉండగా అదే పరీక్ష మళ్లీ చేయాలి. ఖాళీ గదిలో బాగా వచ్చిన వాటిలో చాలా వరకు ఈ రెండోదాంట్లో తేలిపోతాయి.

అసలు చోటు ఏదో తెలియాలంటే పక్కన నమ్మకమైన కొలత ఒకటి ఉండాలి, మోషన్ క్యాప్చర్ అందరికీ అందదు. ఈమధ్య కట్టిన ఇళ్లలో, కాలేజీ ల్యాబుల్లో ఎక్కువగా 600 మిల్లీమీటర్ల విట్రిఫైడ్ టైల్సే వేస్తున్నారు. మేస్త్రీ దారం పట్టి వేసిన ఆ గీతల్లో తప్పు ఒకటి రెండు మిల్లీమీటర్లు, 5×4 గదిలో అటు ఎనిమిది, ఇటు ఆరు గళ్లు వస్తాయి. గళ్ల మూలలకు పెన్సిల్‌తో నంబర్లు వేసి, రోబోను ఒక్కో మూల మీద నిలబెట్టి, అది చెప్పిన చోటును పక్కన రాసుకోవచ్చు.